రోహిణి కార్తెలో మంచు

మార్గశిర శుద్ధ దశమి

కుడి కన్ను: బాగుంది. ఎడమ కన్ను: మూసి ఉంది.

ఈ రెండు ముక్కలూ రాస్తే నా ఉద్యోగం ఆ పూటకు అయిపోయినట్టే. ప్రమాణ నేత్రం రోజూ తన కంటి సంగతి దినచర్యలో రాయాలని విశ్వవిద్యాలయం నియమం. రాయమన్నారు గానీ, రాసింది ఎవరైనా చదవాలని ఎక్కడా లేదు. అందుకని మిగతా పేజీలో నాకు తోచింది రాసుకుంటాను. ఇంతవరకూ ఎవరూ అడ్డు చెప్పలేదు.

ప్రమాణ నేత్రం అంటే నేనే. పేరు వరహాలమ్మ. మా రేవుపాలెంలో ఊహ తెలిసిన ప్రతి మనిషి కంట్లోనూ ఒక రేకు ఉంటుంది, ఉల్లిపొర కన్నా పల్చన. మా తాతల కాలంలో జనం తెరలు చూసి చూసి కళ్లు పాడుచేసుకున్నారు. తర్వాత పుట్టినవాళ్లు పుట్టడమే మసకచూపుతో పుట్టారు. ఇప్పుడు చూసేది కన్ను కాదు, రేకు. అయితే రేకుకు ఎవరో ఒకరు చూపు నేర్పాలి కదా. ఎరుపంటే ఎంత ఎరుపో, వెలుగంటే ఎంత వెలుగో రేకు లేని కన్నొకటి చూసి చెప్పాలి. ఊళ్లో మసక లేకుండా పుట్టింది నేనొక్కదాన్నే, కాబట్టి ఆ కన్ను నాది. నాకు ఎంత కనిపిస్తే ఊరికి అంత కనిపిస్తుంది.

చెప్పాలంటే నా కుడి కన్ను. ఎడమది అదనపు కన్ను. కుడిదానికి ఏమైనా అయితే పనికొస్తుందని దాన్ని వాడకుండా దాచారు. ఉద్యోగంలో చేరిన రోజున దానికి నల్లగుడ్డ గంత కట్టారు. గంత ఉతుక్కునేటప్పుడు కూడా కన్ను తెరవకూడదు. నేను నియమం తప్పే మనిషిని కాను. గడ్డి మీద నడవరాదని బోర్డు ఉంటే, నా నీడ కూడా గడ్డి మీద పడకుండా ఒదిగి నడుస్తాను.

మార్గశిర అమావాస్య

ఇవాళ కొలత. అమావాస్యనాడు మా వైపు పడవలు నీళ్లలోకి దిగవు, లాంచీ కూడా కట్టేస్తారు. ఎవరికీ చూపుతో పెద్ద పని ఉండదు కాబట్టి ఊళ్లో రేకులన్నీ ఆ రాత్రే సరిచేస్తారు.

మధ్యాహ్నం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నెత్తిన టోపీ పెట్టారు. టోపీకి తీగలు, తీగలకు యంత్రం. డాక్టర్ తనూజ ఒక్కొక్కటే ఎదురుగా పెట్టింది: పసుపు కొమ్ము, పండుమిరపకాయ, చింతచిగురు, ఉతికిన పంచె, అక్షరాల అట్ట. ఆఖరికి కిటికీ తెరిచి దూరంగా ఉన్న దీపస్తంభాన్ని చూడమంది. తనూజ ఈ శాఖలో కంటి డాక్టరు. చిన్నదైనా నెమ్మదస్తురాలు. యంత్రంలో ఎప్పటిలాగే నూటికి నూరు వచ్చింది.

"ఫుల్ మార్కులమ్మా" అంది.

ఇన్నేళ్లలో ఒక్క మార్కు కూడా తగ్గలేదు. బళ్లో చదివే రోజుల్లో ఈ ముచ్చట నాకు ఒక్కనాడూ దక్కలేదు.

పుష్య బహుళ విదియ

కుడి కన్ను: బాగుంది. ఎడమ కన్ను: మూసి ఉంది.

మంచు బాగా పడుతోంది. విశ్వవిద్యాలయం ఏటికి ఈవల గుట్ట మీద ఉంది, మా ఇల్లూ ఆ గుట్ట కిందే. మిగతా ఊరు ఆవల ఉంది. మధ్యలో ఏరు సముద్రంలో కలిసేచోట జనాన్ని దాటించే లాంచీని నడిపే సరంగు మా ఆయన, నూకరాజు. మేనమామ కొడుకు కాబట్టి పెళ్లికి ముందూ మావే, తర్వాతా మావే. నా కిటికీ కిందుగా లాంచీ వెళ్లేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి ఊపుతాడు. నేను చెయ్యి ఊపుతాను. పెళ్లయినప్పటినుంచీ ఇది జరుగుతోంది. మా మధ్య ఎంత పెద్ద గొడవైనా ఇది మాత్రం ఆగలేదు.

ఇవాళ తువ్వాలు ఊపలేదు. హారన్ కొట్టాడు.

"నీ సెయ్యి అవుపించడం నేదే" అన్నాడు రాత్రి అన్నం దగ్గర. "అందుకే హారన్ కొట్టీసినాను. కొట్టేనని నీకు తెలిసిందా?"

"గుట్ట మీద కాకులన్నిటికీ తెలిసింది మావా."

ఫాల్గుణ శుద్ధ షష్ఠి

నూకరాజు ఏటా ఉగాదికి ముందు లాంచీకి నీలం రంగు వేస్తాడు. వాళ్ల నాన్న వేసేవాడు, ఈయనా వేస్తాడు. ఈసారి రంగు వేసి, దూరం నుంచి చూసుకుని, తిన్నగా పెయింటు కొట్టుకు వెళ్లి కొట్టువాణ్ణి నానా తిట్లూ తిట్టి వచ్చాడు.

"ఇది నీలమేటే? నువ్వే సెప్పు. డబ్బా మీద నీలమని రాసీసి, లోపల బురద పోసి అమ్మేస్తన్నాడు."

నేనూ చూశాను. బురదలాగే ఉంది. నాకు బురదలా కనిపించింది ఆయనకు మాత్రం నీలంగా ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్న నాకు ఆ రోజే రావాల్సింది, ఇది తర్వాత పేజీ అంచున రాస్తున్నాను. రాలేదు. "ఇంకో కొట్లో కొను మావా" అన్నాను. ఇంకో కొట్లో కొన్న డబ్బాలోనూ బురదే వచ్చింది. ఊళ్లో వ్యాపారులందరూ ఏకమయ్యారని ఆయన తేల్చాడు.

చైత్ర శుద్ధ ఏకాదశి

కుడి కన్ను: బాగుంది. ఎడమ కన్ను: మూసి ఉంది.

ఉగాది పోయినా మంచు పోలేదు. ఊళ్లో వీధి దీపాలు మధ్యాహ్నం నుంచే వేస్తున్నారు. మా డైరెక్టరు డాక్టర్ పేడాడ లోకనాథం గారు "వేసవి మంచు అధ్యయన విభాగం" పెట్టారు. రెండు గదులు, ఒక బోర్డు, గాలిలో తేమ కొలిచే ఒక యంత్రం. గాలిలో తేమ లేదని యంత్రం చెప్పింది. దాన్ని మరమ్మతుకు పంపారు.

వైశాఖ శుద్ధ చవితి

లాంచీ గట్టుకు గుద్దుకుంది. మనుషులకేమీ కాలేదు. ఒక మేక నీళ్లలో పడి ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది. రెండు బస్తాల ఉల్లిపాయలకు ఈత రాదు కాబట్టి అవి పోయాయి.

నూకరాజు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాళ్లు కడుక్కోలేదు.

"గట్టు నా మీదకొచ్చీసిందే. నాను సూస్తానే ఉన్నాను. ఎదురుగుండా ఏటీ నేదు. అంతలోకే గట్టు."

విచారణకు వచ్చినవాళ్లు మంచు వల్ల జరిగిందని రాసుకుని వెళ్లారు. సరంగు తప్పు లేదన్నారు. ఆయన మాత్రం రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

వైశాఖ శుద్ధ ద్వాదశి

రోహిణి కార్తె. ఎండకు డాబా మీద కాలు పెట్టడానికి లేదు. ఎదురింటి కొబ్బరిచెట్టు మాత్రం మంచులో తెల్లగా అలుక్కుపోయి ఉంది.

పొద్దున బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాను. మంచులో ఎక్కడ ఎండుతాయిలే, బూజు పడతాయి అనుకుంటూనే పెట్టాను. సాయంత్రం పైకెళ్లి ఒకటి విరిచి చూస్తే ఫట్‌మని విరిగింది. పక్కది తీసి విరిచాను. అదీ అంతే. పళ్లెం ముందు చతికిలబడి ఒక వరస వడియాలన్నీ విరిచాను. ఒక్కదానిలోనూ చెమ్మ లేదు.

మంచు నా చెంప మీద పడడం లేదు. చీర మీద లేదు, వడియాల మీద లేదు. మరి ఎక్కడ ఉందీ మంచు?

వడియాలు డబ్బాకెత్తి కిందికి దిగాను.

వైశాఖ శుద్ధ త్రయోదశి

తనూజ దగ్గరికెళ్లి, "నా కుడి కన్ను ఒకసారి చూడమ్మా" అన్నాను.

గడ్డం బల్ల మీద ఆనించమంది. సన్నటి దీపం వేసి, భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"అద్దంలా ఉందమ్మా. నిర్మలంగా ఉంది."

అక్షరాల అట్టలో నాలుగో వరస దాటి ఒక్క అక్షరం కూడా నాకు తెలియడం లేదని చెప్పాను. తనూజ యంత్రం వైపు చూసింది. యంత్రం నూటికి నూరు అంటోంది.

"నాలుగు వరసలే కనిపిస్తే నూరెలా వస్తుందమ్మా?" అన్నాను.

"మీకు కనిపించినంతే నూరు అని దానికి నేర్పాం కదా." అనేసి తనూజ ఆగిపోయింది. డైరెక్టరుగారితో మాట్లాడమంది.

వైశాఖ పౌర్ణమి

నియమం తప్పాను.

మధ్యాహ్నం డాబా ఎక్కి, తలుపు గడియ పెట్టి, గంత విప్పాను. ఎడమ కన్ను ముందు వెలుగు తట్టుకోలేక ధారగా కారింది. కుడి కన్ను అరచేత్తో మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

మంచు లేదు. ఎక్కడా లేదు. కొబ్బరిచెట్టుకు ఆకులు ఆకులుగా ఉన్నాయి. సముద్రం చివర గీత గీసినట్టుంది. ఏటి మధ్యలో లాంచీ, దాని పక్కన రాసిన "గంగాలమ్మ" అనే పేరు, ఆ పేరులో చెరిగిపోయిన ఒత్తు కూడా కనిపించాయి. చక్రం దగ్గర మా ఆయన ఉన్నాడు. పట్టపగలు, నిప్పులు చెరిగే ఎండలో, ఎదురుగా ఏ అడ్డూ లేని నీళ్ల మీద, మెడ ముందుకు సాచి, ఒక చెయ్యి గాల్లో పెట్టి తడుముకుంటూ లాంచీ నడుపుతున్నాడు.

ఆయన నా కంటితో చూస్తున్నాడు. ఊరంతా నా కంటితోనే చూస్తోంది. శుక్లం పట్టింది నా కంటికి, తడుముకుంటున్నది వాళ్లు.

ఏడుపొచ్చింది. రెండు కళ్లకూ సమానంగానే వచ్చింది.

వైశాఖ బహుళ తదియ

డైరెక్టరుగారికి అంతా చెప్పాను, గంత విప్పానని కూడా. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయన మంచి మనిషే. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత ముందునుంచీ అనుకున్నదే చెబుతారు.

"వరహాలమ్మగారూ, మీ రెండు కళ్లూ రెండు రకాలుగా చూస్తున్నాయంటున్నారు. అంటే ఒకటి తప్పు చూస్తోందన్నమాట. అవునా?"

"అవునండీ."

"కుడి కన్ను ప్రమాణం. ప్రమాణం తప్పు చూడదు. మరి తప్పు చూస్తున్నది ఏ కన్ను?"

జవాబు చెప్పడానికి ఆయన చోటు ఉంచలేదు.

సాయంత్రానికి ముగ్గురు పెద్దలతో కమిటీ కూర్చుంది. ఎడమ కంటిని కుడి కంటితో పోల్చారు. అక్షరాల అట్టలో కుడి కంటికి కనిపించని వరసలు ఎడమ కంటికి కనిపించాయని తేలింది. ఎడమ కంటికి "అతిచూపు" అనే జబ్బు ఉందని రాశారు. ఇదివరకు వినని జబ్బు కాబట్టి ముగ్గురూ కొంచెం సంతోషించారు కూడా. గంత ఇకనుంచి రెండు మడతలు వేసి కట్టుకోమన్నారు.

గంతకు మరో మడత వేసుకుని ఇంటికొచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వైశాఖ బహుళ ద్వాదశి

సన్నాసమ్మ టీచరు లాంచీ దిగుతూ, గట్టుకూ లాంచీకీ మధ్య సందులో పడిపోయింది. గట్టుకు దిగడానికి వేసే చెక్క పలక ఎక్కడుందో ఆవిడకు కనిపించలేదు. పలక సరిగ్గా ఆనిందో లేదో నూకరాజుకు కనిపించలేదు. కాలు రెండుచోట్ల విరిగింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే లాంచీ వెనక్కి తగిలి ఆవిడను గట్టుకు అదిమేసేది. నూకరాజు నీళ్లలోకి దూకి, లాంచీకి వీపు ఆనించి ఆపాడు.

రాత్రి వీపుకు కొబ్బరినూనె రాస్తుంటే అటే తిరిగి మాట్లాడాడు.

"వరాలూ, ఆ సందులో పడింది పసిబిడ్డైతే ఏటవును?"

"లాంచీ ఆపేయ్ మావా."

"ఆపీస్తే? ఆసుపత్రి ఆ గట్టునున్నాది. నొప్పులొచ్చిన ఆడమనిసినెవరు దాటిస్తారు? నువ్వు దాటిస్తావేటి?" దిండు సర్దుకున్నాడు. "మంచు తగ్గిపోద్దిలే. ఎల్లకాలం ఉంటాదేటి?"

నాకు భయం వేసింది. ఈ అమావాస్యకు కొలత ఉంది. నా కన్ను కిందటి నెల కన్నా మందగించింది. ఆ మందగింపు కొలత మర్నాడు ఆయన కళ్లలోకి వస్తుంది. అది పెట్టుకుని ఆయన మళ్లీ చక్రం పడతాడు.

వైశాఖ అమావాస్య

పొద్దున అద్దం ముందు నిలబడి గంత విప్పి, కుడి కంటికి కట్టుకున్నాను. రెండు మడతలూ వేశాను. ఆ విషయంలో కమిటీ మాట మన్నించాను.

వీధిలో నలుగురు పలకరించారు. ఎవరూ గమనించలేదు. మూరెడు దూరంలో నా ముఖం వాళ్లకు ముద్దగా కనిపిస్తుందని నాకు తెలుసు. కొలత గదిలో తనూజ గోడ తడుముకుంటూ వచ్చి టోపీ పెట్టింది.

"గంత కట్టుకున్నారా అమ్మా?"

"కట్టుకున్నాను."

"బిగువుగా ఉందా?"

"ఉందమ్మా."

అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. పసుపు కొమ్ము, పండుమిరపకాయ, చింతచిగురు, పంచె, అట్ట. కిటికీ తెరిస్తే దీపస్తంభం, దాని మెట్లతో సహా. యంత్రంలో నూటికి నూరు వచ్చింది.

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి

మంచు విడిపోయింది.

ఊరు ఊరంతా వీధిలోకొచ్చి నిలబడింది. ముందు కేకలు, చప్పట్లు. తర్వాత ఒక్కొక్కరే తమ ఇళ్లను చూసుకున్నారు. పది గంటలకల్లా ఊళ్లో సున్నం దొరకలేదు. రేవు దగ్గరి భోజన హోటలువాడు తన వంటగదిలోకి తొంగిచూసి, ఆ పూటకు తలుపులు మూసేశాడు.

నూకరాజు నిద్రలేచి నా ముఖం చాలాసేపు చూశాడు.

"ఏటే, ఇన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చీసినాయి నీకు?"

"మంచులో వచ్చినట్టున్నాయి మావా."

"బాగున్నాయిలే" అన్నాడు. ఆ మాటకే సాయంత్రం దాకా నేల మీద నడవలేదు.

మధ్యాహ్నం లాంచీ నా కిటికీ కిందికి వచ్చింది. తువ్వాలు పైకి లేచింది. చెయ్యి ఊపుతూ ఉండిపోయాను. లాంచీ గట్టు చేరాక కూడా ఊపుతున్నానని తనూజ చెప్పింది.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

వేసవి మంచు అధ్యయన విభాగానికి ఊరివాళ్లు సన్మానం చేశారు. మంచు పోగొట్టింది మా విభాగమేనని డైరెక్టరుగారు చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. శాలువా కప్పించుకున్నారు.

సన్మానం అయ్యాక తనూజ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. నా గంత వైపు చూసి, తన చెయ్యి తన కుడి కంటి మీద ఒకసారి, ఎడమ కంటి మీద ఒకసారి పెట్టుకుంది. తర్వాత గంత విప్పి దీపం వేసి చూసింది.

"అమ్మా! ఇంత శుక్లమా? ముదిరిపోయింది. వైశాఖంలోనే చూశాను కదా, చుక్క మచ్చ లేదు!"

"వైశాఖంలో నా కంటితోనే నా కన్ను చూశావమ్మా."

తనూజ దీపం ఆర్పింది. "డైరెక్టరుగారికి చెప్పాలి" అంది. భయపడుతూనే అంది. కానీ వచ్చింది. నా పక్కన నిలబడి తనే అంతా చెప్పింది.

డైరెక్టరుగారు ఈసారి కూడా పూర్తిగా విన్నారు. శాలువా ఇంకా కుర్చీ మీదే ఉంది. మంచు నా కంట్లో ఉండేదని ఒప్పుకుంటే, దాని మీద ఆయన రాసిన వ్యాసాలనూ శాలువానూ ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. కిటికీలోంచి కొంతసేపు చూసి, నన్ను తనకెదురుగా నిలబడమన్నారు.

"చూడండి తనూజా. మనం ఎదురుగా నిలబడి చూస్తే ఆవిడ ఎడమ కన్ను మనకు ఏ వైపు ఉంది?"

"కుడివైపు సార్."

"అంతే. మొదట్లో రాసినవాళ్లు ఎదురుగా నిలబడి రాశారు. ప్రమాణ నేత్రం మొదటినుంచీ ఎడమ కన్నే. శుక్లం వచ్చింది అదనపు కంటికి. దానికి ఆపరేషన్ చేయించుకోండి. అదనపు కంటికి గంత ఉండాలనే ఉంది గానీ, లోపల ఏముండాలో నియమాల్లో లేదు."

ఆయన నా తప్పును కూడా కప్పిపుచ్చారని బయటికొచ్చాక అర్థమైంది. ఎలా తీసుకోవాలో తెలియక, నమస్కారం పెట్టకుండా వచ్చేశానని గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి పెట్టి వచ్చాను.

జ్యేష్ఠ బహుళ అష్టమి

ఎడమ కన్ను: బాగుంది. కుడి కన్ను: కట్టు విప్పారు.

తనూజ పాత శుక్లం తీసేసి, మెంతిగింజంత అద్దం లోపల అమర్చింది. ఇవాళ కట్టు విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏం కనిపిస్తోందమ్మా?"

కింద లాంచీ వెళ్తోంది. అది బురద రంగు కాదు. నీలం. నా చిన్నప్పుడు మా మావయ్య, అంటే నూకరాజు వాళ్ల నాన్న, వేసిన నీలం. దాని కింద నీళ్లు, పైన ఆకాశం, అన్నీ నీలమే, దేని నీలం దానిదే. నేను మర్చిపోయానని కూడా నాకు తెలియకుండా మర్చిపోయిన రంగు.

కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. పల్చటి టీనీళ్లలోంచి చూసినట్టుంది. కుడి కన్ను వెళ్లిన దారిలోనే ఎడమ కన్నూ బయలుదేరింది, ఇంకా మొదట్లో ఉంది.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

డైరెక్టరుగారికి చెప్పాను. ఎడమ కంటికి కూడా మొదలైందనీ, ఊరికి నీలం సరిగా అందడం లేదనీ, కొన్నాళ్లకు మళ్లీ మంచు వస్తుందనీ. కొత్త కన్నును వెతకమన్నాను. రేకు వేయని పెద్దవాళ్లు ఎక్కడా లేరన్నారు. కుడి కంటితో కొలవమన్నాను.

"ఆపరేషన్ అయిన కన్ను ప్రమాణం కాకూడదు. అది నియమం. ఆ కంటితో కొలిచినట్టు తెలిస్తే మీ ఉద్యోగం నేను కాపాడలేను." తర్వాత మెత్తగా అన్నారు. "నీలం తగ్గితే ఎవరూ గట్టుకు గుద్దుకోరు కదా వరహాలమ్మగారూ."

నిజమే. గుద్దుకోరు.

ఇంటికి వెళ్తూ రేవులో చూస్తే నూకరాజు లాంచీ పక్కలు గీకుతున్నాడు, మూడోసారి రంగు వేయడానికి. వాళ్ల నాన్న వేసిన రంగు ఎలా ఉండేదో తనకు గుర్తులేదనీ, నాకేమైనా గుర్తుందేమోననీ అడిగాడు. ఉందని చెప్పాను. ఎలా ఉంటుందో చెప్పమన్నాడు. చెప్పడానికి ప్రయత్నించాను. రంగును మాటల్లో ఎలా చెబుతారు? ఆయన బుర్ర ఊపుతూ విని, మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

"గీకొద్దు మావా, ఉన్న రంగు మంచిదే" అన్నాను.

"నువ్వు కూడా ఆ కొట్టోడితో కలిసిపోనావేటి?" అన్నాడు.

ఆషాఢ అమావాస్య

పోయిన అమావాస్యకు కుడి కన్ను ఇంకా మానలేదు. ఇప్పుడు మానింది.

పొద్దున అద్దం ముందు నిలబడి గంత ఎడమ కంటికి కట్టుకున్నాను. వైశాఖంలో ప్రాణాల కోసం చేశాను, అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. ఈసారి ఒక మనిషికి వాళ్ల నాన్న వేసిన రంగు చూపించడం కోసం చేస్తున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. అనుకున్నాక కూడా ముడి ఒకసారి విప్పి మళ్లీ కట్టాను.

ఇప్పుడు తనూజకు అన్నీ చక్కగా కనిపిస్తాయి. టోపీ పట్టుకుని ఎదురుగా వచ్చి ఆగింది. గంత వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ముందుకు వంగి, నా చెవి వెనక గంత ముడి విప్పి, మళ్లీ తనే గట్టిగా వేసింది.

"బిగువుగా ఉందా అమ్మా?"

"ఉందమ్మా."

"దినచర్యలో ఏం రాస్తారు?"

"ఉన్నదే రాస్తాను. ఎవరూ చదవరు."

తనూజ పసుపు కొమ్ము తెచ్చి ఎదురుగా పెట్టింది.

శ్రావణ శుద్ధ పాడ్యమి

లేచేసరికి నూకరాజు పక్క మీద లేడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

రాత్రి వాన పడి వెలిసింది. రేవుకు వెళ్లాను. జనం చాలామంది ఉన్నారు, గట్టు వెంబడి వరసగా నిలబడి ఉన్నారు. కేకలు లేవు, చప్పట్లు లేవు. సముద్రం వైపు చూస్తున్నారు, అంతే. డైరెక్టరుగారు కూడా వాళ్లలో ఉన్నారు. నన్ను చూశారు, నా గంతను చూశారు. మళ్లీ సముద్రం వైపు తిరిగారు.

నూకరాజు లాంచీ పక్కన మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. చెక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. గీకినచోట బోడిగా ఉంది. మిగతాదంతా నీలం.

"వరాలూ" అన్నాడు నా వైపు తిరక్కుండానే. "ఆ కొట్టోడు మోసం సెయ్యనేదే."

"లేదు మావా."

"ఆణ్ణి ఎన్నేసి మాటలనీసినాను!"

నీళ్లలోంచి గట్టెక్కి, తడిసిన పంచెతోనే, కాళ్లకు చెప్పుల్లేకుండా పెయింటు కొట్టు వైపు గబగబా నడిచాడు. సగం దూరం వెళ్లాక ఆగి, వెనక్కి తిరిగి ఏటినీ సముద్రాన్నీ లాంచీనీ చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ నడిచాడు.

నేను ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, దినచర్య తీశాను.

కుడి కన్ను: బాగుంది. ఎడమ కన్ను: మూసి ఉంది.